నర్సంపేటలో కలుపు మందు బేరం

జూలైలో ముసురు తెరిపిచ్చిన రోజున వరంగల్ జిల్లా నర్సంపేట వెళ్లాను. ఎరువుల దుకాణం ముందు బైకులు, ట్రాలీ ఆటోలు కిక్కిరిసి ఉన్నాయి. వానలకు చేలల్లోకి దిగలేక ఆగిపోయిన వాళ్లంతా ఒక్కసారే వచ్చినట్టున్నారు.

"పత్తిల గడ్డి బాగ లేసింది సేటూ, మందియ్యి" అన్నాడొక పెద్దాయన. పేరు అడగలేదు, ధరా అడగలేదు. యజమాని రెండు సీసాలు తీసి ముందు పెట్టి, ఖాతాలో రాసుకున్నాడు. బేరం అయిపోయింది.

బయట అరుగు మీద ఆయనతో మాట కలిపాను. మూడెకరాల పత్తి. "కూలోళ్లు దొరికితే మందెందుకు కొడ్త బిడ్డా? మనిషికి నాలుగొందలు, ఆటో కిరాయి వేరే. ఎకరానికి పది మంది కావాలె. అందరి చేన్లల్ల గడ్డి ఒక్కపారే లేస్తదాయె!"

విత్తిన 48 గంటల్లో, నేల పదునుగా ఉండగానే పెండిమెథాలిన్ కొట్టి ఉంటే తొలి కలుపు చాలావరకు ఆగేది. ఆ మాటంటే నవ్వాడు. "గింజ మొలుస్తదో లేదో తెల్వకముందు మందు మీద పైసలెవడు పెడ్తడు?" వాన మొహం చాటేస్తే విత్తనాలే మళ్లీ కొనాలి. కరపత్రాలు రాసేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి. ఇప్పుడాయనకు రెండు మందులు పడుతున్నాయి: గడ్డి జాతికి క్విజలోఫాప్ ఎకరానికి 400 మిల్లీలీటర్లు, వెడల్పాకు కలుపుకు పైరిథయోబాక్ సోడియం 250. కలుపు నాలుగాకులు దాటితే ఆ డబ్బూ సగం దండగే.

లోపల యజమాని దాపరికం లేకుండానే చెప్పాడు. నగదైతే సీసా మీది ధరలో తగ్గిస్తాడు. అరువైతే అచ్చేసిన ధరే, పైన నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి. పత్తి అమ్మినంక కట్టాలి. అంటే ఇవాళ వెయ్యి రూపాయల మందు డిసెంబరు నాటికి పదకొండొందలు. అంతకంటే పెద్ద నష్టం నాకు ఇంకోటి కనిపించింది: అరువు తీసుకునేవాడు "వేరే కంపెనీది చూపించు" అనలేడు. ఏ మందు కొట్టాలో ఖాతా పుస్తకమే తేలుస్తుంది.

నగదు తెచ్చిన ఓ కుర్రాడి తీరు వేరు. వరికి బిస్పైరిబాక్ సోడియం కావాలి. రెండు కంపెనీల సీసాలు పట్టుకుని ఫోన్ లైటు వేసి చిన్నక్షరాలు చదివాడు. రెండింట్లోనూ అదే మందు, అదే 10 శాతం. ధర మాత్రం ఒకదానికి దాదాపు రెట్టింపు. తక్కువది తీసుకున్నాడు. నేనైనా అదే చేస్తాను.

అయితే శాతాలు వేరైతే సీసా ధరలు పోల్చి లాభం లేదు. పెండిమెథాలిన్ 30 శాతంది ఎకరానికి లీటరు పైనే పడుతుంది, 38.7 శాతంది 700 మిల్లీలీటర్లు చాలు. చూడాల్సింది ఎకరానికి పడే ఖర్చు.

"బిల్లు వద్దంటే ఇంకొంచెం తగ్గిస్తరా?" అని కుర్రాడు అడిగాడు. రసాయన పురుగుమందుల మీద జీఎస్టీ 18 శాతం మరి, ఆశ సహజమే. యజమాని తల అడ్డంగా ఊపి బిల్లు రాశాడు. ఊపని దుకాణాలూ ఉంటాయి. అక్కడ కూడా బిల్లు వదలొద్దు. మందు పనిచేయకపోతే మండల వ్యవసాయాధికారి ముందు పెట్టడానికి రైతు చేతిలో ఉండే రుజువు అదొక్కటే.