మాత్రల కవరుపై మూడు విమర్శలు



వ్యాసం ఎలా వ్రాయాలో మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వ్రాసినదానిని ఒకరు తప్పుపట్టినప్పుడు ఏమి చేయాలో చెప్పే పాఠం మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. హోసూరు ప్రాంతంలో నేను తెలుగు చెప్పే తొమ్మిదవ తరగతి పిల్లలు ఆ పాఠాన్ని ఒక కాగితపు కవరు ద్వారా నేర్చుకున్నారు. ఆ అనుభవాన్ని మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

మందుల షాపులో మాత్రలు వేసి ఇచ్చే చిన్న కవరు మీరందరూ చూసినదే. దానిమీద 1-0-1 అని వ్రాసి ఇస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని దాని అర్థం. మా పల్లెల్లోని అవ్వలు, తాతలు ఇంట్లో మాట్లాడేది తెలుగు. కవరుమీది అచ్చు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చదువు రానివారికి, చూపు మందగించినవారికి కూడా తెలిసేలా ఒక కవరును రూపొందించడం మా పిల్లలు ఎంచుకున్న ప్రాజెక్టు. పొద్దుటికి ఎర్ర సూర్యుణ్ణి, మధ్యాహ్నానికి పసుపు సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి వేశారు. కింద చక్కని చేవ్రాతతో "భోజనానంతరం" అని వ్రాశారు.

బడి ప్రదర్శనలో మూడు విమర్శలు వచ్చాయి. కంటిపొర వచ్చినవారికి రెండు సూర్యుళ్ళూ ఒకటిగానే కనిపిస్తాయని, ఒత్తులు అలుక్కుపోతాయని పదవీ విరమణ చేసిన ఒక నర్సు అన్నారు. బ్రెయిలీ లేకుండా ఇది అంధులకు ఎలా పనికివస్తుందని మరొకరు అడిగారు. "ఇక్కడ అందరికీ తమిళం వచ్చును గదా, తెలుగెందుకు?" అని ఒక తండ్రి అన్నారు. బొమ్మలు వేసిన అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జట్టులోని అబ్బాయి ఆయనకు దీటుగా జవాబు చెప్పాలని సిద్ధమయ్యాడు.

జవాబులు ఆ పూటకు వద్దన్నాను. ప్రతి విమర్శనూ అన్నవారి మాటల్లోనే నోటుపుస్తకంలో వ్రాసి, దాని పక్కన "ఇది నిజమో కాదో ఎవరిని అడిగితే తెలుస్తుంది?" అని వ్రాయమన్నాను. మూడింటికీ వచ్చిన సమాధానం ఒక్కటే: కవరు వాడవలసిన పెద్దవాళ్ళను.

పిల్లలు ఆరుగురు పెద్దవారి వద్దకు వెళ్ళారు. "రెండు పొద్దులూ ఒకే మాదిరి ఉండాయే" అని ఒక అవ్వ మొదటి చూపులోనే అన్నది. "అనంతరమంటే ఎవురమ్మా?" అని ఇంకొక అవ్వ అడిగింది. ఆరుగురిలో తమిళం చదవగలిగినవారు ఒక్కరూ లేరు. సంతలో మాట్లాడే తమిళం వేరు, చదివే తమిళం వేరు. తెలుగు కూడబలుక్కొని చదివినవారు ఇద్దరు. తక్కినవారికి ఏ అక్షరమూ రాదు. చూపు పూర్తిగా పోయిన ఒక తాతకు బ్రెయిలీ అన్న మాటే కొత్త.

అప్పుడు కవరు మారింది. రెండవ సూర్యుడు పోయి, ఆ స్థానంలో అన్నం పళ్ళెం వచ్చింది. "భోజనానంతరం" పోయి "తిన్నాక" వచ్చింది. అంచున కత్తెరతో పొద్దుటికి ఒక గాటు, మధ్యాహ్నానికి రెండు, రాత్రికి మూడు పెట్టారు. తాత వేలితో తడిమి మూడింటినీ సరిగా చెప్పాడు. బ్రెయిలీని మాత్రం పిల్లలు తీసిపారేయలేదు. చిన్ననాటినుండి అది నేర్చినవారికోసం రెండవ నమూనా చేశారు. భారతీ బ్రెయిలీలో తెలుగు "క"కు, తమిళ "క"కు, కన్నడ "క"కు చుక్కలు ఒక్కటేనని తెలిసినప్పుడు వారికి కలిగిన ఆశ్చర్యం చూడవలసినది. తెలుగు అక్షరాలను కవరుమీద ఉంచారు, పెద్దవి చేసి. ఎందుకు ఉంచారో ఆ తండ్రికి ఆరు పేర్ల పట్టికతో వివరించారు. ఆయన శ్రద్ధగా విన్నారు.

పెద్ద పనులూ ఇలాగే మెరుగవుతాయి. మన ఆహార పొట్లాలపై శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేవి. ఈ రెండు రంగులకూ తేడా తెలియని కళ్ళు ఉన్నాయి. 2020 నాటి లేబులింగ్ నిబంధనలలో మాంసాహారపు చుక్క త్రికోణమైంది. అమెరికాలో డెబోరా ఆడ్లర్ అనే విద్యార్థిని, తన బామ్మ పొరపాటున తాతగారి మాత్రలు మింగిన సంఘటనతో మందు సీసాను కొత్తగా రూపొందించింది. 2005లో అది టార్గెట్ దుకాణాలకు చేరేసరికి తొలి నమూనాలోని ఆకారం మారిపోయింది. బామ్మకు అర్థం కావాలన్న ఉద్దేశం మారలేదు.

ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. విమర్శ విన్న పిల్లవానిచేత వెంటనే సంజాయిషీ చెప్పించకండి, అన్నిటికీ తలవంచమనీ చెప్పకండి. వాడేవారి వద్దకు పంపండి. ఏది మార్చాలో, ఏది నిలుపుకోవాలో అక్కడ తెలుస్తుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. అక్షరం రాని ఆ అవ్వలకు కవరు చదివి చెప్పవలసినది ఇంట్లోని మనవలే. 2006 నాటి చట్టం తరువాత మన పిల్లలు బడిలో తమిళం నేర్చుకుంటున్నారు, అది అవసరమే. దానితోపాటు తెలుగు కూడా చదవగలిగి, చదివినదానిని అవ్వకు తెలిసిన మాటలో చెప్పగలిగితేనే మాత్ర వేళకు పడుతుంది.