ఛోటీ లైన్ చిత్రాలు

భిలాయి వాసులకు రైలు పట్టా కొత్త వస్తువు కాదు. 1960లో రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లు పని ప్రారంభించిన నాటి నుండి ఇక్కడ తయారైన పట్టా కాశ్మీరం మొదలు కన్యాకుమారి దాకా పరచుకొని ఉన్నది. ఊరు వెళ్ళే బండి ఎక్కిన ప్రతిసారీ మనం మన చేతిపని మీదనే ప్రయాణిస్తున్నామన్న మాట. అయితే పట్టాను తయారుచేసే మనలో, ఆ పట్టా మీద నడిచే బండిని ఒక నిమిషం ఆగి చూసేవారు తక్కువ. చూసి, చిత్రం తీసి, ఆ చిత్రాన్ని పదిలపరచేవారు మరీ తక్కువ. ఈ వ్యాసం అట్టి అభిరుచిని గురించినది. ముఖ్యంగా మన పొరుగున రాయ్‌పూర్ నుండి ధమ్‌తరీకి నడచి, ఇప్పుడు కనుమరుగైపోయిన చిన్నబండిని గురించినది.

రైళ్ళను చూడదలచిన వారికి భిలాయిని మించిన చోటు అరుదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్‌ను ఆసన్‌సోల్‌తో కలిపింది. ఆ ప్రధాన మార్గమే నేడు మన పట్టణానికి ఉత్తరపు అంచుగా సాగుతున్నది. భిలాయి-3 వద్ద మార్షలింగ్ యార్డు, విద్యుత్ ఇంజన్ల షెడ్డు ఉన్నవి. దుర్గ్ నుండి మరోదా, బాలోద్‌ల మీదుగా దల్లీ రాజ్‌హరాకు వెళ్ళే శాఖ మన బ్లాస్ట్ ఫర్నేసులకు ముడిఖనిజం తెస్తున్నది. ఆ బండ్లు పోయే దారి వెంబడి రాళ్ళు, చెట్ల ఆకులు, గేటుమనిషి గొడుగు సైతం ఎర్రబారి ఉంటాయి. కర్మాగారం లోపల అనుమతి లేనిదే కెమెరా తీయరాదు. అది సరియైన నియమమే. బయట చూడవలసినది ఎంతో ఉన్నది. రాత్రివేళ హౌరా బండిలో వచ్చేవారికి లావా వంటి స్లాగు పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడే దృశ్యం ఊరి పేరు చదవక ముందే భిలాయి వచ్చిందని చెప్పేది. ఆ దృశ్యాన్ని కదిలే బండి కిటికీ నుండి తీసిన చిత్రం మన ఇళ్ళలో ఎందరి వద్ద ఉన్నది?

నేను కెమెరా పట్టుకొని తిరిగినది ఎక్కువగా రాయ్‌పూర్–ధమ్‌తరీ మార్గంలో. స్థానికులు దానిని ‘ఛోటీ లైన్’ అనేవారు. రెండున్నర అడుగుల గేజి, అంటే 762 మిల్లీమీటర్లు. మన పెద్ద లైను వెడల్పు 1676 మిల్లీమీటర్లలో సగం కన్న తక్కువ. 1900లో ఆరంభమైన ఈ మార్గం అభన్‌పూర్ వద్ద చీలి, ఒక కొమ్మ రాజింకు, అసలు మాను కురూద్ మీదుగా ధమ్‌తరీకి పోయేది. ఒకప్పుడు అడవి కలప, ధాన్యం దీని మీదనే రాయ్‌పూర్ చేరేవి. చివరి రోజులలో చిత్తరంజన్‌లో తయారైన చిన్న డీజిల్ ఇంజను నాలుగైదు పెట్టెలను లాగుకుంటూ, నగరంలో ఇళ్ళ పెరడులకు ఆనుకొని, తేలీబాంధా మీదుగా ఊరు దాటేది. పెట్టె ఎంత చిన్నదంటే ఎదురెదురు బల్లల మీద కూర్చున్నవారి మోకాళ్ళు తగులుకునేవి. ఆ కారణంగానే కాబోలు, అందులో అపరిచితులు ఎక్కువసేపు అపరిచితులుగా ఉండేవారు కారు. పాలక్యాన్లు, తట్టలు, సైకిళ్ళు, బడిపిల్లలు, నడి దారిలో చెయ్యెత్తి బండిని ఆపజూచే పెద్దమనుషులు – వీరందరికీ అది రైలు కాదు, తమ వీధి చివర నిలిచే బండి.

రాజిం వైపు వెళ్ళిన వారికి మరొక లాభం ఉండేది. మహానది, పైరీ, సోంఢూర్ నదులు కలిసే చోట రాజీవలోచన ఆలయం, నదిగర్భంలో కులేశ్వర మహాదేవుని ఆలయం ఉన్నవి. మాఘ పూర్ణిమ మేళాకు ఛోటీ లైన్ పెట్టెలు గుమ్మాల దాకా నిండిపోయేవి. ధమ్‌తరీ వరకు వెళితే గంగ్రేల్ జలాశయం దగ్గర. మన కర్మాగారానికి వచ్చే నీటిలో కొంత అక్కడిదేనని ఉద్యోగుల పిల్లలకు చెబితే ఆశ్చర్యపడతారు.

ఇప్పుడు రాయ్‌పూర్ నగరంలో ఆ పట్టా లేదు. అది ఉన్న నేల మీద ఎక్స్‌ప్రెస్ రహదారి వెలసింది. మిగిలిన భాగాన్ని బ్రాడ్ గేజికి మార్చే పని చేపట్టారు. మందిర్ హసౌద్ మీదుగా అభన్‌పూర్‌కు 2025 మార్చి 30న మెమూ బండి ప్రారంభమైనది. ఇందుకు విచారించవలసిన పని లేదు. చిన్నబండి గంటలో పోయే దూరం మెమూ ఎంత త్వరగా పోతుందో అభన్‌పూర్ నుండి రోజూ ఉద్యోగానికి వచ్చే యువకుని అడిగితే చెబుతాడు. గేజి మార్పు అవసరమే. అవసరమైన పని జరిగేటప్పుడు పాతదాని జ్ఞాపకం ఎవరి దగ్గర మిగిలినదన్నదే నా ప్రశ్న.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1931లో పూర్తి అయిన రాయ్‌పూర్–విజయనగరం మార్గమే మనవారిని ఇక్కడకు చేర్చిన దారి. ఆ దారికి అవతలి కొసన, నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లోనే ఆరంభమై, తరువాత గుణుపురం దాకా పొడిగించబడిన చిన్నబండి ఉండేది. గేజి ఇదే, వయస్సు ఇదే. అది 2004లో ఆగి, బ్రాడ్ గేజిగా మారింది. టెక్కలిలో పుట్టి భిలాయిలో ఉద్యోగం చేసిన మనిషి తన జీవితంలో రెండు చిన్నబండ్లను చూసి, రెండింటికీ వీడ్కోలు చెప్పినాడన్న మాట.

ఇట్టి వీడ్కోలును ముందే పసిగట్టిన దేశం ఐర్లండ్. అక్కడ మూడడుగుల గేజి మార్గాలు పల్లెలకు ఎన్నో ఉండేవి. డొనెగల్ కౌంటీ బండ్లు 1959 చివరి దినంతోను, వెస్ట్ క్లేర్ బండ్లు 1961 జనవరి చివరి దినంతోను ఆగిపోయినవి. కాని 1946లోనే అక్కడి అభిమానులు ఐరిష్ రైల్వే రికార్డ్ సొసైటీ అనే సంఘాన్ని స్థాపించుకొన్నారు. మార్గాలు మూతబడక ముందే కెమెరాలతో ఆ పల్లెలకు పోయి ఇంజన్లను, ప్లాట్‌ఫారాలను, పశువుల సంతకు వచ్చిన జనాన్ని తీసిపెట్టుకొన్నారు. ఒక అభిమాని తీసిన రైలు ఛాయాచిత్రాలు నేడు ఐర్లండ్ జాతీయ గ్రంథాలయపు సొత్తు. మన దేశంలోనూ ఆశాజనకమైన పని లేకపోలేదు. నాగ్‌పూర్‌లోని మోతీబాగ్ వద్ద 2002లో నారో గేజి ప్రదర్శనశాల వెలసింది. పిల్లలతో వెళ్ళదగిన చోటు. అయితే ప్రదర్శనశాలలో ఇంజను నిలబడి ఉంటుంది. దాని నడక, దాని కూత, దాని చుట్టూ మూగిన మనుషులు ఉండరు.

నడక అన్నాను గనుక శబ్దం గురించి చెప్పాలి. రైలు చిత్రాలు తీసేవారు సాధారణంగా కంటికే ప్రాధాన్యం ఇస్తారు. నా దృష్టిలో చెవికి దక్కవలసినది అంతకన్న ఎక్కువ. పూర్వం మన మిల్లు నుండి వచ్చే పట్టా పొడవు 13 మీటర్లు. రెండు పట్టాల నడుమ ఫిష్ ప్లేటు బిగించిన అతుకు మీద చక్రం పడినప్పుడు వచ్చే చప్పుడే మనం చిన్ననాట లాలిపాటవలె విని నిద్రపోయిన ‘టకటక – టకటక’. ఇందులో ఒక చిన్న లెక్క ఉన్నది. 13 మీటర్ల పట్టాల మీద 47 సెకన్లలో ఎన్ని అతుకులు దాటినట్లు వినబడితే, బండి గంటకు సుమారు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లు. పాత టేపులో చిత్రం చెడిపోయినా, శబ్దం మిగిలి, పట్టా పొడవు తెలిస్తే, ఆనాటి బండి వేగం చెప్పవచ్చును.

ఆ చప్పుడు పెద్ద లైన్ల మీద దాదాపు అంతరించింది. అంతరింపజేసిన వారిలో మనమే ముందున్నాము! యూనివర్సల్ రైల్ మిల్లులో ఇప్పుడు 130 మీటర్ల పట్టా ఏకఖండంగా వస్తున్నది. రెండింటిని అతికి 260 మీటర్ల ప్యానెల్‌గా పంపితే, దారి మీద వాటిని మళ్ళీ వెల్డింగు చేసి మైళ్ళ తరబడి అతుకు లేని మార్గం చేస్తున్నారు. ప్రయాణం మెత్తబడింది, చక్రానికి, పట్టాకు ఆయుష్షు పెరిగింది. ఇంజనీరుగా నాకది గర్వకారణం. అయినా ఛోటీ లైన్ టేపులు పెట్టుకొని ఆ చప్పుడు వింటున్నప్పుడు, మా మిల్లు వారెవరైనా గదిలోకి వస్తే శబ్దం కొంచెం తగ్గిస్తుంటాను.

తీయడం ఒక పని, పదిలపరచడం మరొక పని. రెండవదే కష్టం. అందుకు ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ళ క్రితం, పదవీ విరమణ చేసిన ఒక ఫోర్‌మన్ గారు సంచీ నిండా పాత వీడియో టేపులు తెచ్చి ఇచ్చినారు. వారిది పలాస ప్రాంతం. ఏ టేపు మీదను తేదీ లేదు, ఊరు లేదు. ఒకదానిలో మూడు నిమిషాల పాటు చిన్నబండి ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉన్న దృశ్యం. జనం మూటలతో ఎక్కుతున్నారు. అది ఎప్పటిది?

చిత్రాన్ని ఆపి ఆపి చూశాము. పెట్టెల మీద ఆగ్నేయ రైల్వే అక్షరాలు ఉన్నవి. బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే పని మొదలుపెట్టినది 2003 ఏప్రిల్‌లో. కనుక అంతకు ముందుది కావచ్చు. అయితే పెట్టెలకు అక్షరాలు మార్చడానికి ఏడాదో రెండేళ్ళో పట్టినా ఆశ్చర్యం లేదు, కాబట్టి అది గట్టి సాక్ష్యం కాదు. వెనుక గోడ మీది ప్రకటనలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పేరున్నది. రాష్ట్రం ఏర్పడినది 2000 నవంబరులో. స్తంభాల నీడలు పొట్టిగా, ఒకే దిక్కుకు ఉన్నవి. మన అక్షాంశంలో వేసవి నడిమి కొద్ది వారాలు తప్ప మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుంది గనుక కెమెరా ఏ దిక్కుకు చూస్తున్నదో తెలిసింది. శాలువలు, మూటలు, ఆడవారి రద్దీ – మాఘమాసపు రాజిం మేళా అని ఊహించాము. సంవత్సరం మాత్రం తేలలేదు.

తేల్చినది ఫోర్‌మన్ గారే. మూడవ పెట్టె గుమ్మం వద్ద ఎర్ర శాలువ కప్పుకొన్న ఒకావిడ వెనుదిరిగి, కెమెరా వైపు చూసి, రమ్మని చెయ్యూపుతుంది. అయిదు సెకన్లు ఉంటుందేమో. ఆమె వారి భార్య. ఆ శాలువ మనుమని బారసాలకు కొన్నది. మనుమడు పుట్టినది 2001 వానకాలంలో. ఆమె 2002 దీపావళికి ముందే కన్నుమూసినారు. అంటే ఆ దృశ్యం 2002 మాఘ పూర్ణిమనాటిది. మా నీడల లెక్కలు, అక్షరాల లెక్కలు చేరలేని చోటికి ఒక శాలువ చేర్చింది. ఆ ఇంట్లో ఆమె ఛాయాచిత్రాలు ఉన్నవి గాని, కదిలే చిత్రం అదొక్కటే. “బాబూ, బండి సంగతి మీరు చూసుకోండి. ఆ మూడో పెట్టె కాడ మాత్రం ఇంకోపాలి ఆపండి” అన్నారాయన. ఆపినాను. ఆ సాయంత్రం మరి ఏ టేపూ చూడలేదు.

ఇళ్ళలో ఇట్టి టేపులు ఉన్నవారికి రెండు మాటలు. అయస్కాంతపు టేపుకు భిలాయి వానకాలం పరమ శత్రువు. బూజు పట్టిన టేపును యంత్రంలో పెట్టరాదు. తెలిసినవారి చేత శుభ్రం చేయించాలి. అంతకన్న పెద్ద చిక్కు యంత్రమే: టేపు బాగున్నా దానిని ఆడించే యంత్రాలు అరుదైపోతున్నవి. కాబట్టి ఆలస్యం చేయక కంప్యూటరులోకి ఎక్కించుకోవలసినదే. మినీ డీవీ టేపు ఒక గంటది ఎక్కిస్తే సుమారు 13 గిగాబైట్లు అవుతుంది. నేటి డిస్కులకు అదొక లెక్కలోనిది కాదు. ఒక ప్రతి ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్ళోని పిల్లల దగ్గర ఉంచుకోవాలి. ప్రతి దృశ్యానికి తేదీ, స్టేషను, బండి పోయే దిక్కు, ఇంజను సంఖ్య, కనబడే మనుషుల పేర్లు రాసుకోవాలి. మనుషుల పేర్లు చివర చెప్పాను గాని మొదట రాసుకోవలసినవి అవే. ఇంజను సంఖ్య చిత్రంలో కనబడుతుంది, మనిషి పేరు కనబడదు.

ప్రస్తుతం నేను దల్లీ రాజ్‌హరా నుండి రావ్‌ఘాట్ వైపు సాగుతున్న కొత్త మార్గం చిత్రాలు తీస్తున్నాను. 2022లో అంతాగఢ్ దాకా ప్రయాణికుల బండి వెళ్ళింది. మన కర్మాగారపు రేపటి ఖనిజం ఆ దారినే రావలసి ఉన్నది. బస్తర్ పల్లెలలో రైలును మొదటిసారి దగ్గరగా చూసే పిల్లల ముఖాలు ఇంకొక ఇరవై ఏళ్ళకు ఎవరికైనా కావలసి వస్తాయి.

ఫోర్‌మన్ గారి సంచీలోని టేపులలో ఒక్కటి మాత్రం నేటికీ తేలలేదు. నలభై సెకన్ల దృశ్యం. ఇంజను దాటిపోయిన తరువాత మొదలవుతుంది. చిన్నబండి పెట్టెలు, రెండు చింతచెట్లు, ఆవిరి ఇంజన్ల కాలపు నీటి స్తంభం, పచ్చజెండా పట్టుకొన్న ఒక మనిషి. ఊరి పేరు పలక లేదు. ఆఖరున ఒక పిల్లవాని గొంతు “మావయ్యా, మావయ్యా” అని ఆ మనిషిని పిలుస్తుంది. తెలుగు మాట గనుక గుణుపురం లైను కావచ్చు. ఛోటీ లైన్ మీద పనిచేసిన మన తెలుగు రైల్వే కుటుంబం వారూ కావచ్చు. టేపు ఇచ్చిన పెద్దాయనకు గుర్తు లేదు. ఎవరో బంధువు కెమెరా తీసుకెళ్ళి తెచ్చాడంటారు. నౌపడా, టెక్కలి, పర్లాకిమిడి వైపు పెరిగినవారు గాని, అభన్‌పూర్, కురూద్ స్టేషన్లు తెలిసినవారు గాని ఏ ఆదివారమైనా మా ఇంటికి వచ్చి ఆ నలభై సెకన్లు చూడగలరు. ఆ నీటి స్తంభం ఎక్కడిదో చెప్పగలిగితే చాలు, తేదీ సంగతి తరువాత తేల్చుకోవచ్చు.