షీట్‌లో లేని అడ్వాన్సు

ఆపరేషన్స్ రీసెర్చ్ మొదటి క్లాసులో మేడమ్ ప్రాసెస్ అంతా బోర్డు మీద రాశారు. సమస్య ఏంటో తేల్చుకో, మోడల్ కట్టు, సాల్వ్ చెయ్యి, సరిచూడు, అమల్లో పెట్టు, తేడా వస్తే మళ్ళీ మొదటికి రా. మొదటి స్టెప్ దగ్గర నేను నిమిషం కూడా ఆగలేదు. సమస్య ఎప్పుడూ క్వశ్చన్ పేపర్లో ఇచ్చే ఉంటుంది కదా!

నాకు నచ్చింది కథలు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విమానాలు జలాంతర్గాముల మీద వేసే బాంబులు 100 అడుగుల లోతులో పేలేవి. సైంటిస్టులు రికార్డులు చూసి, దాన్ని 25 అడుగులకి మార్చమన్నారు. అదే బాంబు, దెబ్బ మాత్రం తగిలింది. 1947లో డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. మన దేశంలో ఈ సబ్జెక్టుకి మొదటి యూనిట్ 1949లో మన హైదరాబాద్‌లోనే, రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీలో పెట్టారట.

మేలో చాట్రాయి వెళ్ళా. మాకు కాస్త మామిడి తోట ఉంది. కోతల రోజుల్లో ప్రతి సాయంత్రం ఇంట్లో ఒకటే చర్చ: రేపు ఏ చెట్లు కోయాలి, కాయ ఎక్కడికి తోలాలి? నున్న మార్కెట్‌కా, నూజివీడులో కాటాకా, కలెక్టర్ కాయైతే జ్యూస్ ఫ్యాక్టరీకా? ఇది అచ్చంగా ట్రాన్స్‌పోర్టేషన్ ప్రాబ్లమే. ఎక్సెల్ తెరిచా. కూలీలు, బండి కిరాయి, కమీషన్, ఎన్ని రోజుల్లో పండుబారుతుంది, అన్నీ కన్‌స్ట్రెయింట్లుగా పెట్టి సాల్వర్ నొక్కా. బంగినపల్లి అంతా నున్నకే అంది.

నాన్నకి ఫోన్‌లో చూపించా. చిక్కం తాడు బిగిస్తూ ఒక్కసారి చూసి, "మరి అడ్వాన్సో?" అన్నాడు.

పూత టైములో మందులకని షావుకారు దగ్గర డబ్బు తీసుకుంటే కాయ ఆయన కాటాకే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే. చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. నా షీట్‌లో మాత్రం లేదు. ఆ ఒక్క లైను కలిపి మళ్ళీ రన్ చేస్తే, నాన్న రోజూ చేస్తున్నదే ఆన్సర్‌గా వచ్చింది. సిగ్గేసింది.

సెన్సిటివిటీ రిపోర్ట్‌లో షాడో ప్రైస్ అని ఒక కాలమ్ ఉంటుంది. ఆ కన్‌స్ట్రెయింట్ ఒక్క టన్ను సడలితే మనకి ఎంత మిగులుతుందో చెప్తుంది. ఆ అంకె నాన్నకి చదివి వినిపించా.

"తెలుసులేమ్మా" అన్నాడు.

డైరీలో అడ్వాన్సు తారీఖు వెతికా. మందుల ఖర్చు కింద లైన్లోనే నా హాస్టల్ ఫీజు ఉంది.

వచ్చే పూతకి ఎంత తక్కువ అడ్వాన్సుతో గడుస్తుందో ఇప్పుడు లెక్కేస్తున్నా. మెస్ బిల్లు కూడా అదే షీట్‌లో ఎక్కిస్తున్నా, వేరే ట్యాబ్‌లో. అది ఇంకా నాన్నకి చూపించలేదు.