కొత్త విండోస్, పాత అలవాట్లు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. మా ఆఫీసులోనూ అన్ని మెషీన్లూ విండోస్ 11కి మార్చేశాం. ఇన్‌స్టాల్ చెయ్యడం వీకెండ్ పని. అసలు పని సోమవారం మొదలైంది.

"స్టార్ట్ బటన్ మధ్యలోకెందుకు పోయింది బాబూ?" అన్నారు అకౌంట్స్ మేడమ్. ఇరవయ్యేళ్ళుగా కీబోర్డు చూడకుండా ఎక్సెల్ కొట్టే ఆవిడ, కుర్ర ట్రైనీల ముందు తడుముకుంటున్నారు. మనమేమో ‘వీళ్ళకి మార్పంటే పడదు’ అనేస్తాం గానీ, చేతికొచ్చిన పని చెయ్యి జారితే ఎవరికైనా చిన్నతనమే కదా!

అందుకే కొత్త ఫీచర్ల స్లైడ్లు పక్కన పెట్టా. సెట్టింగ్స్‌లో స్టార్ట్‌ని ఎడమకి జరిపా. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ వస్తుందని చూపించా. ఎక్సెల్ 2003 నాటి ఆల్ట్, ఈ, ఎస్ వరసగా నొక్కితే పేస్ట్ స్పెషల్ ఇప్పటికీ తెరుచుకుంటుంది. అది చూశాక ఆవిడే "ఇంకా ఏమేం మారాయో చెప్పు" అన్నారు.

తమకి పని వచ్చుననే ధైర్యం ముందు నిలబడితే, కొత్తది వాళ్ళే అడిగి నేర్చుకుంటారు. ఏమంటారు?