వైరాగ్యం – వైముఖ్యం

ఇంద్రియభోగం బంధహేతువనీ, విషయవైరాగ్యం ముక్తిసాధనమనీ శాస్త్రాలు ఘోషిస్తున్నాయి. ఇందులో సందేహానికి తావు లేదు. అయితే వైరాగ్యానికీ వైముఖ్యానికీ నడుమనున్న సూక్ష్మభేదాన్ని గ్రహించని సాధకుడు ఒక్కొక్కప్పుడు తనవారిపట్ల చూపే నిరాదరణనే నిర్మమత్వంగా భ్రమిస్తాడు. ఆ భ్రమ ఎంతకాలం నిలువగలదో, ఎంత స్వల్పకారణంతో తొలగగలదో తెలియడానికి హిందూపురంలో నివసించే ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుని అనుభవం చక్కని దృష్టాంతం.

ఆయన దినచర్య సూర్యోదయానికి పూర్వమే స్నానసంధ్యలతో ఆరంభమై, రాత్రి ఉపనిషద్భాష్య పఠనంతో ముగిసేది. జాతరలకు వెళ్లరు. హోటలు మెట్లెక్కరు. కచేరీకి ఎవరైనా పిలిస్తే, "శబ్దస్పర్శాది విషయాల వెంట పరుగెత్తే వయస్సా ఇది?" అని మందహాసం చేసేవారు. పురజనులు ఆయనను విరాగి అని గౌరవించారు. ఆ మాట చెవిన పడినప్పుడు కలిగే తృప్తి కూడా ఒక విషయభోగమేనని ఆయనకు చాలాకాలం తోచలేదు.

ఆయన ధర్మపత్ని బాల్యంలో వర్ణాల వరకు సంగీతం నేర్చిన ఇల్లాలు. వివాహమైన కొత్తలో దంపతులిద్దరూ హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి వెళ్లారు. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు నిర్మింపజేసిన వీరభద్రాలయం అది. అక్కడి నాట్యమండపంలో రంభ నర్తిస్తుండగా తుంబురుడు గానం సాగిస్తున్నాడు, బ్రహ్మదేవుడే మద్దెల వాయిస్తున్నాడు. ఆ స్తంభాల నడుమ నిలిచి నవవరుడు, "ఒకనాడు ఇక్కడ నిన్ను కూర్చోబెట్టి మంచి కచేరీ వినిపిస్తాను" అన్నాడు. చెప్పినవాడు మరిచాడు. విన్నామె మరువలేదు.

2018లో లేపాక్షి ఉత్సవాలు జరిగినప్పుడు ఆమె మెల్లగా, "ఏమండీ, ఒక్క సాయంత్రం వెళ్లి వద్దామా?" అని అడిగింది. ఆయన భాష్యగ్రంథం నుంచి తల ఎత్తకుండా, "జనసమ్మర్దంలో మనకేమి పని?" అన్నారు. 2020 మార్చిలో మళ్లీ ఉత్సవాలు వచ్చాయి. మళ్లీ అదే ప్రశ్న, అదే సమాధానం. ఆ నెల ముగిసేలోపే మహమ్మారి కారణంగా దేశమంతా గృహబంధంలో చిక్కుకుంది. అనంతరం ఆమె మరి అడుగలేదు.

తదుపరి సంవత్సరాలలో ఆమె శ్రవణశక్తి క్రమంగా క్షీణించింది. వైద్యుడు పరీక్షించి వినికిడి యంత్రం అమర్చుతూ, "మాటలకు ఇది బాగా ఉపకరిస్తుందమ్మా. సంగీతం మాత్రం మునుపటిలా వినబడదు" అన్నాడు. ఆమె తల ఊపి ఊరకుంది. పక్కనే కూర్చున్న భర్తకు ఆ మౌనం దుస్సహమైంది.

ఆ రాత్రి ఆయన పఠిస్తున్నది బృహదారణ్యకంలోని యాజ్ఞవల్క్య మైత్రేయీ సంవాదం. భర్త గాని, భార్య గాని, ధనం గాని ప్రియమగుట ఆత్మ నిమిత్తమేనని చెప్పే ఆ ఘట్టాన్ని ఆయన ముప్పది సంవత్సరాలు బోధించారు. 'కనుక వీరెవరూ ముఖ్యులు కారు' అన్నదే దాని తాత్పర్యమని నమ్మారు. నాటి రాత్రి మాత్రం మరొక సంగతి స్ఫురించింది. యాజ్ఞవల్క్యుడు ఆ మహోపదేశం చేసింది తన ఇంట, తన ఇల్లాలికి, ఆమె అడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరంగా. సర్వం త్యజించి వెళ్లబోతున్న ఆ ఋషి సైతం భార్య ప్రశ్నిస్తే ఆగాడు, ఆమెను దగ్గర కూర్చోమన్నాడు, ఆమె నాకు ప్రియమైనదన్నాడు. ఆత్మయే సర్వప్రియత్వానికి మూలమైతే, ఎదుటనున్న మనిషిలో భాసించే ఆత్మను ఉపేక్షించడం ఏ విధమైన ఆత్మనిష్ఠ? ఇంద్రియాలను బయట నిగ్రహించి లోపల రుచిని నిలుపుకున్నవానిని గీతాచార్యుడు మిథ్యాచారి అంటాడు. తాను నిలుపుకున్న రుచి విరాగి అన్న ప్రఖ్యాతియేనని ఆయనకు ఆ క్షణాన స్పష్టమైంది.

ఉగాదికి కుమార్తె, తొమ్మిదేళ్ల మనుమరాలు బెంగళూరు నుంచి వచ్చారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే బాల్యమిత్రుడు యథాప్రకారం ఫోను చేశాడు. "పెనుకొండ దగ్గర జాతర అప్పా, బండలాగుడు పోటీలు ఉన్నాయి. ఈసారైనా వస్తావా, పుస్తకాల్లోనే ఉంటావా?" ఆయన ఒక్క క్షణం ఆగి, "వస్తాము. ఇంటిల్లిపాదీ వస్తాము" అన్నారు. వంటింటి గుమ్మంలో నిలిచిన ఇల్లాలు యంత్రం సరిగా పనిచేయడం లేదేమోనని చెవి తడుముకుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలుమార్గంపై ఉన్నాయి. 1565 నాటి రక్కసి తంగడి యుద్ధానంతరం విజయనగర సామ్రాజ్యానికి రాజధానిగా నిలిచిన పెనుకొండ దుర్గం దూరం నుంచే కనిపిస్తుంది. నేడు ఆ కొండకు సమీపంలో, ఎర్రమంచి వద్ద, కార్ల కర్మాగారం నడుస్తున్నది. ఇన్ని మార్పుల నడుమ మారనిది చైత్రమాసపు జాతర.

బండలాగుడు పోటీలో ఎద్దుల జతకు పెద్ద రాతిబండను కట్టి, నిర్ణీత సమయంలో అవి ఎన్ని అడుగుల దూరం లాగాయో కొలుస్తారు. ఎద్దుల పళ్లను బట్టి విభాగాలుంటాయి. రైతు తన బిడ్డలకంటె మిన్నగా పోషించిన ఆ కోడెలను చూడడం కన్నులపండువ. అయితే ఒక జతను తోలేవాడు చర్నాకోలతో పదేపదే కొట్టగా, మనుమరాలు తాతగారి చేయి పట్టుకొని, "తాతా, ఆ ఎద్దుకు నొప్పి పుట్టదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన వద్ద సమాధానం లేకపోయింది. మూగజీవాలకు సైతం అనవసరబాధ లేకుండా జీవించే హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించింది. న్యాయవిచారణ ఎటు సాగినా, పసిబిడ్డకు తోచిన ధర్మసందేహం చూపరులందరిదీ. పరపీడ వలన పుట్టే వినోదం ఆనందమనిపించుకోదు.

తరువాతి జత రంగంలోకి వచ్చింది. దానిని తోలే వృద్ధుడు కొరడా పట్టలేదు. ఎద్దుల మూపురాలపై చేయి వేసి, పేరు పెట్టి పిలుస్తూ, అదలిస్తూ, బుజ్జగిస్తూ నడిపించాడు. అవి మోకాళ్లు వంచి, మెడలు సాచి, బండను కదిలించాయి. ఆ జతకు బహుమతి రాలేదు. కాని ఆ ఉపాధ్యాయునికి కఠోపనిషత్తులోని రథకల్పన ప్రత్యక్షమైంది. శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు అశ్వాలు. ఉత్తమసారథికి అశ్వాలు వశమై ఉంటాయని యమధర్మరాజు చెప్పాడే గాని, వాటిని హింసించమనలేదు. శాలలో కట్టివేసిన గుర్రాలతో రథం గమ్యం చేరదు. ఇన్నేళ్లూ తాను చేసింది సారథ్యమా, కట్టివేయడమా అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నారు.

అక్కడి నుంచి మిత్రుడు అందరినీ ధర్మవరం తీసుకొనిపోయి, రైల్వే స్టేషను సమీపాన ఒక హోటలులో కూర్చోబెట్టాడు. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు, మనుమరాలికి మసాలా దోసె తెప్పించాడు. కారానికి కళ్లనీళ్లు కారుతున్నా నవ్వుతూ తినే ఆ బిడ్డను చూసి ఇల్లాలు నవ్వింది. ఆయన మాత్రం ఆకులో వడ్డించినదానిని శంకిస్తూ చూస్తున్నారు. అప్పుడు మిత్రుడు మెల్లగా అన్నాడు. "మా ఇంటికే పిలుద్దామనుకుంటి అప్పా. పిలిస్తే నియమమంటావు. నువ్వు కాదంటే మా ఆడమనిషి బాధపడుతుంది. అందుకే హోటలుకు పిలిచినా."

ఆ మాటలో నిందలేదు. నిందలేకపోవడమే శూలమై తాకింది. అన్నాన్ని నిందించరాదని తైత్తిరీయం వ్రతంగా విధించింది. ఇంటికి వచ్చినవానిని నిరాకరించరాదని కూడా అదే చోట చెప్పింది. భృగువు తపించి మొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకొని, ఆ మెట్టు నుంచే ఆనందమే బ్రహ్మమన్న శిఖరానికి చేరాడు. అన్నం పెట్టే చేతిని తిరస్కరించి ఆనందమయకోశాన్ని వెదకడం మెట్టు లేని మేడ ఎక్కడమే. ఆయన ఉగ్గాణి ముద్ద నోట పెట్టుకొని, "రాత్రి భోజనం మీ ఇంట్లోనే" అన్నారు. మిత్రుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఫోను తీసి ఇంటికి చెప్పాడు. అవతలి గొంతు సంతోషం బల్ల చుట్టూ కూర్చున్న వారందరికీ వినిపించింది. వినికిడి తగ్గిన ఆ ఇల్లాలికి కూడా వినిపించింది.

ఆ రాత్రి రాగిసంగటి, వేరుశెనగ ఊరుబిండి, పప్పు వడ్డించారు. భోజనానంతరం మిత్రుడు మగ్గం చూపించాడు. హిందూపురం మార్కెట్టుకు రైతులు తెచ్చే పట్టుగూళ్ల నుంచి తీసిన దారమే ఇలా చీరగా మారుతుందని మనుమరాలికి వివరించాడు. సంస్కృతంలో పట్టుపురుగును కోశకారమంటారు. తన నోటి దారంతో తానే గూడు అల్లి అందులో బందీ అవుతుంది. జీవుని కర్మబంధానికి పెద్దలు చెప్పే ఉపమానం అది. సంసారమే ఆ గూడని ఆయన తరగతిలో బోధించేవారు. నియమాలతో, ప్రఖ్యాతితో, ఏకాంతంతో అల్లుకున్నది కూడా గూడేనని ఆ మగ్గం ముందు నిలిచినప్పుడు తెలిసింది.

శ్రీరామనవమి సాయంత్రం హిందూపురంలో ఒక దేవాలయ ప్రాంగణాన పందిరి వేసి కచేరీ ఏర్పాటు చేశారు. నవమికి పందిట్లో పానకం, వడపప్పు పంచి సంగీతం వినిపించే ఆచారం కన్నడసీమకు ఆనుకొని ఉన్న ఈ ప్రాంతానికి చిరపరిచితం. బెంగళూరులో శ్రీరామసేవామండలి 1939 నుంచి అట్టి ఉత్సవాలను నిర్వహిస్తున్నది. ఇక్కడి పందిరి చిన్నది, గాయకుడు స్థానికుడు. ఆయన భార్యను ముందు వరుసలో కూర్చోబెట్టారు. లౌడుస్పీకరు ధ్వని యంత్రంలో పడి కర్కశంగా మారడంతో ఆమె దానిని తీసి ఒడిలో పెట్టుకుంది. ఇంటికి వెళదామా అని ఆయన సైగ చేశారు. ఆమె వద్దంది.

గాయకుడు కల్యాణిలో ఒక త్యాగరాజకృతి అందుకున్నాడు. ఆయనకు ఏమి చేయాలో తోచలేదు. ఆమె కుడిచేతిని తన చేతిలోకి తీసుకొని, అరచేతిపై ఆదితాళం వేయసాగారు. నాలుగు, రెండు, రెండు. ఎనిమిది అక్షరాల ఆవర్తనం. ఆమె గాయకుని పెదవులను చూస్తూ, అరచేతిలోని లయను పట్టుకొని, రెండవ ఆవర్తనం ముగిసేసరికి కృతిని గుర్తించింది. పెదవులు కదుపుతూ తనలో తాను పాడుకున్నది. గంటసేపు ఆ చేయి ఆగలేదు. వేదికపై ఏమి పాడారో ఆయనకు సరిగా జ్ఞాపకం లేదు. ఆ ముఖం మాత్రం జ్ఞాపకముంది.

మరునాడు ఉదయం ఎవరూ అడుగకుండానే ఆయన లేపాక్షికి ప్రయాణం కట్టారు. నాట్యమండపంలో తుంబురుడు, రంభ, మద్దెల వాయించే విధాత యథాస్థానంలో ఉన్నారు. ఆయన తలవంచుకొని, "చెప్పిన మాట చెల్లించడంలో చాలా ఆలస్యం చేశాను. నీకు వినబడే రోజుల్లో తీసుకురాలేదు" అన్నారు. యంత్రం చెవిలోనే ఉన్నందున ఆమెకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. స్తంభాలను చూపి నవ్వుతూ, "ఈ కచేరీ అందరికీ నాకు వినబడినంతే వినబడుతుందండీ. కూర్చోండి" అంది.

ఆయన కూర్చున్నారు. మనుమరాలు వచ్చి ఇద్దరి మధ్య కూర్చున్నది.

ఆహారవిహారాలు మితంగా, యుక్తంగా ఉన్నవానికే యోగం దుఃఖనాశకమవుతుందని గీత ఆరవ అధ్యాయం చెబుతున్నది. విహారమే కూడదని చెప్పలేదు. జాతర, విందు, సంగీతం తమంతట తాము బంధించవు, విడిపించవు. ఎవరినీ పీడించకుండా, ఎవరినీ దూరం చేయకుండా, తోడివారి ఆనందంలో తన్ను తాను మరువగలిగితే అవి సాధనకు అంగాలవుతాయి. తోడివారిని మరిచి తన్ను తాను తలచుకొనేవానికి ఏకాంతజపం కూడా భోగమే. ఆ ఉపాధ్యాయుడు నేటికీ రాత్రివేళ భాష్యం పఠిస్తున్నారు. ఒక్కటే భేదం. ఇప్పుడు పైకి, నిదానంగా, ఆమెవైపు ముఖం తిప్పి చదువుతున్నారు.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.