గింజ కట్టని పంట

పసుపు పూస్తుందని నగరంలో చాలామందికి తెలియదు. ఆకుల మధ్యలోంచి లేతరంగు కంకి ఒకటి లేస్తుంది, దాని సందుల్లో చిన్న పచ్చటి పూలు. చూడ్డానికి బాగుంటాయి కానీ సాధారణంగా గింజ కట్టవు. మనం పండించే పసుపులో క్రోమోజోములు మూడు జట్లు, మొత్తం 63. మూడు జట్లను ఇద్దరికి సమంగా పంచడం కుదరదు కదా, కథ అక్కడే ఆగిపోతుంది. అందుకే రైతు దుంపనే మళ్లీ నేలలో పెడతాడు.

ఇది అర్థమయ్యాక మా ఇంటి పసుపును నేను చూసే తీరు మారిపోయింది. మాది ఆర్మూర్ వైపు. నాయినమ్మ పెళ్లయి వచ్చేనాటికే మా చేనులో ఆ రకం ఉందట. ఏటా కొంత విత్తనానికి తీసి, చెట్టు నీడన పసుపాకు కప్పి దాచి, వానలకు మళ్లీ పెట్టేవాళ్లు. అంటే ఇప్పుడు చేనులో ఉన్నది అప్పటి మొక్కకు మనవరాలు కాదు, ఆ మొక్కే. నాయినమ్మ పోయింది. ఆమె నాటిన మొక్క ఇంకా చిగురిస్తోంది.

వినడానికి బాగున్న ఈ మాటకు రెండో వైపు దుంపకుళ్లు. అన్నీ ఒకే మొక్క అయినప్పుడు, ఒకదాన్ని పడగొట్టిన తెగులుకు పక్కదాని దగ్గర వేరే జవాబు ఉండదు. మొన్నటి వానలకు నీళ్లు నిలిచి మా చేను సగం కుళ్లింది. తొమ్మిది నెలల కష్టం అది. మిగిలింది తవ్వి, ఉడకబెట్టి, ఎండబెడితే పచ్చి బరువులో ఐదో వంతు చేతికొస్తుంది.

పెళ్లి కుదరని పంటలో కొత్త రకం ఎలా పుడుతుంది? ఊరూరి రకాలు తెచ్చి ఒకచోట పెంచి మంచివి ఏరుకోవడం ఒక దారి. కిరణాలతో మార్పులు పుట్టించడం ఇంకోటి. మూడోది ఓపిక: అరుదుగా కట్టిన గింజలను వెతికి మొలిపించడం. కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ప్రభ, ప్రతిభ రకాలను అలాంటి మొలకల్లోంచే ఎంచింది. వాటిలో కుర్కుమిన్ 6 శాతం దాటుతుంది. అదే సంస్థ తెచ్చిన ప్రగతి 180 రోజుల్లో తవ్వకానికి వస్తుంది.

ఈసారి మొత్తం ప్రగతే పెడతానన్నాడు బాపు. పాతదాన్ని కొన్ని సాళ్లైనా ఉంచమన్నాను. వరి గింజల్లా డబ్బాలో పోసి దాచే వీలు దీనికి లేదు, ఏటా నాటకపోతే పోయినట్టే. రేపు కొత్త రకం చేయాలన్నా ఇలాంటి పాతవే ముడిసరుకు. ఇదంతా చెప్పాను.

"కుర్కుమిన్ గిర్కుమిన్ నాకెర్క లేదు బిడ్డా. ఆర్నెల్లల్ల చేతికొస్తే ఇంకో పంట ఏసుకోవచ్చు. పాత ఇత్తనం పక్కన పెడితే దాని తెగులు దీనికి అంటదా? అందరి కోసం దాపెట్టుడు నా ఒక్కని పనేనా?"

నెలాఖరుకు జీతం పడే నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. వైవిధ్యం గురించి మనం రాసే వ్యాసాల ఖర్చు ఎవరో రైతు చేనులో పడుతుంది. వేల రైతులు ఒకే కొత్త రకానికి మారితే, రేపు ఒకే తెగులు అందరినీ ముంచవచ్చు. ఆ మాట నిజమే. కానీ ఈ ఏడు అప్పు తీరాల్సింది బాపుకు.

చివరికి తేల్చింది అమ్మ. కుళ్లు తగలని కొమ్ములు ఏరి, చేనుకు దూరంగా ఇంటి పెరట్లో పది మొక్కలు పెట్టింది. "ఇంట్లకు గావాలె గదా" అని ఒకటే మాట. పది మొక్కలు వరికైతే లెక్కలోకి రావు. పసుపు అలా కాదు. గింజ కట్టకపోవడమే ఇక్కడ కలిసొచ్చింది: ఒక్క కొమ్ము బతికినా రకం మొత్తం బతికినట్టే.