చెట్టుకొస్తే తెగులు, డబ్బాలో పడితే మందు

వైరస్‌లకు పుట్టగొడుగుల మందు అంటూ పట్నంలో అమ్ముతున్న డబ్బాల సంగతి రాసుకు రమ్మన్నారు మా సంపాదకులు. ఒక డబ్బా కొని వెనక చదివితే "గానోడెర్మా" అని ఉంది. నాకు ఏ ప్రయోగశాలా గుర్తుకు రాలేదు. అంబాజీపేట దగ్గర మా మావయ్య కొబ్బరితోట గుర్తొచ్చింది. బస్సెక్కేశాను.

వెళ్లేసరికి మావయ్య చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని మట్టి తవ్వుతున్నాడు. మాను మీద ఎర్రటి బంక కారి ఎండిపోయింది. దాని కిందే ఆ గానోడెర్మా గొడుగు: లక్క పూసినట్టు మెరుపు, అంచున తెల్లటి గీత. అందంగానే ఉంది, పైకి అనలేదు. పెన్సిలంత లావు వేరు దొరికేదాకా వేళ్లతోనే మట్టి తప్పించాడు. దాన్ని ఏటవాలుగా కోసి, హెక్సాకొనజోల్ అనే తెగులుమందు నీళ్లున్న పాలిథిన్ సంచిలోకి దూర్చి, దారంతో మూతి బిగించాడు. డెబ్బై దాటిన చేతులు. చుక్క ఒలకలేదు.

డబ్బా చూపించాను. ముందు ధర చూశాడు. "ఏరా, నా చెట్టుకొస్తే తెగులు, ఆళ్ల డబ్బాలో పడితే మందా?"

రెండూ నిజం కావచ్చు, చిక్కంతా అదే. 1998లో జపాన్ పరిశోధకులు గానోడెర్మా లూసిడం నుంచి తీసిన గానోడెరియాల్-ఎఫ్, గాజుపాత్రలోని కణాల మీద హెచ్‌ఐవీని అడ్డుకుంది. 2018లో అమెరికాలో గానోడెర్మా తంతువుల సారాన్ని చక్కెర పాకంలో కలిపి పెడితే తేనెటీగల్లో వైరస్‌లు తగ్గాయి. ఒకటి గాజుపాత్ర, ఇంకోటి తేనెపట్టు. మనిషి దాకా రావాలంటే ఏ పదార్థం, ఎంత మోతాదు, రక్తంలోకి ఎంత చేరుతుంది, కాలేయం తట్టుకుంటుందా, ఇన్ని తేలాలి. ఆ 1998 పదార్థం ఈనాటికీ హెచ్‌ఐవీ మందు కాలేదు. గొడుగును పొడి చేసి గొట్టంలో నింపితే అదే పదార్థం అయిపోతుందా? పరీక్షలకు పుట్టని డబ్బు రంగుల లేబుళ్లకు ఎక్కణ్నుంచి పుడుతుందో! అమ్మేవాళ్ల మీదకన్నా, ఇంత ఆశను గాజుపాత్రలో వదిలేసినవాళ్ల మీదే నాకు ఎక్కువ మంట.

మావయ్య వేపపిండిలో ట్రైకోడెర్మా కలుపుతూ విన్నాడు. అదీ శిలీంధ్రమే, గానోడెర్మాను అణిచేది. "ఇది మాకిచ్చేముందు తోటల్లో ఏసి చూశార్రా" అన్నాడు.

కోనసీమ వైపు వెళ్లినప్పుడు కొబ్బరిమాను మీద ఈ గొడుగు కనిపిస్తే కోసి కషాయం కాచుకోకండి. ఆ చెట్టు వేరుకి ఏ సంచి కట్టారో మీకు తెలీదు.